ఇంటికి చెదల మందు: పునాది నుంచి గుమ్మం దాకా ఏది ఎక్కడ పనిచేస్తుంది

తొలకరి పడిన రోజు సాయంత్రం లైటు వేస్తే చాలు, గది నిండా ఉసిళ్లు. తెల్లారేసరికి గుమ్మం దగ్గర రెక్కల కుప్ప. ఊళ్లలో కొన్నిచోట్ల వీటిని పట్టి వేయించుకుని తింటారు. పట్నంలో మాత్రం ఆ రెక్కలు చూడగానే టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే ఉసిళ్లంటే రెక్కలొచ్చిన చెదలే. పాత గూడు విడిచి కొత్త గూడు పెట్టుకోవడానికి బయల్దేరిన ఆడ, మగ పురుగులవి.

చెదల మందు కొట్టేవాళ్లకు గిరాకీ పెరిగేదీ ఈ రోజుల్లోనే. 'డ్రిల్లింగ్ అక్కర్లేదు', 'వాసన రాదు', 'పదేళ్ల గ్యారంటీ', 'పూర్తిగా హెర్బల్' అని తలో మాట చెబుతారు. ఒకే ఇంటికి ముగ్గురు మూడు పద్ధతులు, మూడు రేట్లు చెబితే ఏది నమ్మాలో ఇంటివాళ్లకు అర్థం కాదు. చెద ఇంట్లోకి ఎలా వస్తుంది, ఒక్కో పద్ధతి దాన్ని ఎక్కడ ఆపుతుంది అన్నది తెలిస్తే ఈ గందరగోళం చాలావరకు తీరుతుంది.

సంక్షిప్తంగా

నేలలోంచి వచ్చే చెదకు నేలలోనే అడ్డు వేయాలి. చెక్క మీద కొట్టే మందు ఒక్కటే దాన్ని ఆపలేదు. కొత్త ఇంటికి పునాది దశలో చేసే చికిత్స అన్నిటికన్నా నమ్మదగినది. కట్టేసిన ఇంట్లో గోడ వెంట రంధ్రాలు వేసి మందు ఎక్కించడమే ప్రధాన మార్గం. అక్కడ మందు పేరు కన్నా ఎన్ని లీటర్లు ఎక్కింది, మధ్యలో ఖాళీ వదిలారా అన్నవే ఫలితాన్ని తేలుస్తాయి. నేలలో డబ్బాలు పాతి మందు కలిపిన ఎర పెట్టే పద్ధతి మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే చెదల మీద అంత నమ్మకంగా పనిచేయదు. పొడిచెక్క చెదకు, పుచ్చు పురుగుకు చేయాల్సిన పని వేరు.

ముందు ఏ పురుగో తేల్చుకోవాలి

చెక్క పాడైతే అందరూ 'చెద పట్టింది' అనేస్తారు. పాడైన తీరు చూస్తే మూడు రకాలు కనిపిస్తాయి. మట్టి కనిపిస్తే అది నేల చెద. చెక్క కింద గసగసాల్లాంటి గట్టి గింజలు రాలి ఉంటే అది పొడిచెక్క చెద. సన్నటి పిండిలాంటి పొట్టు రాలి, చెక్క మీద గుండుసూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రాలు ఉంటే అది చెదే కాదు, పుచ్చు పురుగు. అదొక పెంకు పురుగు జాతి. ఈ తేడా చూడకుండా గచ్చంతా రంధ్రాలు వేయించుకుంటే డబ్బూ పోతుంది, పురుగూ ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల ఇళ్లలో ఎక్కువగా నష్టం చేసేది నేల చెదే. దాన్ని గుర్తుపట్టడానికి ద్వారబంధం అడుగున, గచ్చుకు ఆనుకున్న చోట చూడాలి. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొనతో కొద్దిగా నొక్కితే అప్పడంలా విరిగి లోపలికి దిగబడుతుంది. లోపల చెక్క ఉండాల్సిన చోట తడి మట్టి, దాని మధ్య పొరలు పొరలుగా మిగిలిన గట్టి ఈనెలు. చెక్కలో మెత్తగా ఉన్న భాగాన్ని తినేసి, గట్టి భాగాన్ని వదిలి, ఖాళీ అయిన చోట మట్టి నింపుకుంటూ పోతుంది.

గోడ మీద పెన్సిలంత లావున మట్టి దారి కనిపించగానే చీపురుతో దులిపేయడం అందరికీ అలవాటు. ఆ పని చేయకూడదు. ఆ దారి ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో అదే చెబుతుంది. మధ్యలో రెండంగుళాలు మాత్రం విరగ్గొట్టి, ఒకటి రెండు రోజులాగి చూడాలి. తడి మట్టితో మళ్లీ పూడ్చి ఉంటే లోపల రాకపోకలు ఉన్నట్టే. పూడ్చకపోతే చెద పోయిందని కాదు, వేరే దారి చూసుకుని ఉండొచ్చు.

ఉసిళ్ల విషయంలోనూ ఇలాంటి చిన్న పరీక్ష ఉంది. కిటికీలోంచి లైటుకు వచ్చినవైతే కంగారు అక్కర్లేదు, అవి ఊరందరి ఇళ్లకూ వస్తాయి. గచ్చుకీ గోడకీ మధ్య పగులులోంచో, గుమ్మం సందులోంచో బయటికి వస్తున్నాయంటే మాత్రం ఇంటి కిందో, గోడలోనో గూడు కొన్నేళ్లుగా పెరుగుతోందని అర్థం. గూడు బాగా ముదిరాకే రెక్కల పురుగులు పుడతాయి.

నేల కింద జరిగేది

చీమల్లా కనిపించినా చెదలు బొద్దింకలకు దగ్గరి బంధువులు. పని చేసే చెదకు కళ్లుండవు, ఒంటి మీద గట్టి పెంకు ఉండదు. ఎండ, పొడిగాలి తగిలితే ఎండి చచ్చిపోతుంది. అందుకే ఎక్కడికి వెళ్లినా మట్టి గొట్టం కట్టుకుంటూ వెళ్తుంది. ఆ గొట్టంలో నేల తడి నిలబడుతుంది. ఇంట్లో గుమ్మాన్ని తింటున్న చెద రోజూ నేలలోకి దిగి మళ్లీ ఎక్కుతూనే ఉంటుంది. గూడు మాత్రం పెరట్లోనో, పక్క ఖాళీ స్థలంలోనో, ఇంటి పునాది కిందో ఉంటుంది. అక్కడ రాణి రోజుకి వేల గుడ్లు పెడుతుంది. గుమ్మం దగ్గర వెయ్యి పురుగుల్ని చంపినా గూటికి అదొక లెక్కే కాదు.

మన ప్రాంతంలో పుట్టలు పెట్టే చెదలు ఎక్కువ. ఇవి చెక్కను నేరుగా అరిగించుకోలేవు. నమిలి తెచ్చిన దాని మీద గూటిలో ఒక రకం బూజును పెంచి, దాన్ని తింటాయి. వానలకు పుట్ట మీద గొడుగుల్లా లేచేది ఆ బూజు పంటే. 'పుట్టగొడుగు' అన్న మాటలో ఈ సంగతి తెలుగువాళ్లు ఎప్పుడో చెప్పుకున్నారు. ఇది ముచ్చట కోసం చెప్పింది కాదు, ఎర మందు గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ అవసరమవుతుంది.

ఇంట్లోకి రావడానికి చెదకు కావలసింది మిల్లీమీటరు కన్నా తక్కువ సందు. కాంక్రీటును కొరికి రాదు, దాని పగుళ్లలోంచి వస్తుంది. గచ్చుకీ గోడకీ మధ్య సిమెంటు ఆరి కుంచించుకుపోయిన చోట, బాత్‌రూమ్ పైపు నేలలోకి దిగే చోట, కరెంటు పైపుల్లోంచి, పాత రాతి గోడల్లో మట్టి అడుసు ఉన్న చోట దారి దొరుకుతుంది. రాయలసీమ మట్టి మిద్దెల్లో, పాత పెంకుటిళ్లలో గోడంతా మట్టే కాబట్టి పునాది నుంచి దూలం దాకా బయట కనపడకుండానే ఎక్కిపోతుంది. నల్లరేగడి నేలల్లో ఇంకో ఇబ్బంది. ఎండాకాలం నేల బీటలు వారి పునాది గోడను విడిచి పక్కకు జరుగుతుంది. అంతకుముందు ఆ మట్టికి పట్టించిన మందు కూడా మట్టితో పాటే జరిగి, గోడ పక్కన ఖాళీ ఏర్పడుతుంది.

మందులు ఎలా మారాయి

ఒకప్పుడు చెదకు ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ వాడేవాళ్లు. నేలలో దశాబ్దాలపాటు నిలిచేవి కాబట్టి పని బ్రహ్మాండంగా చేసేవి. అంతకాలం నిలవడమే వాటి చేటు కూడా. మనుషుల కొవ్వులో, తల్లిపాలలో పేరుకున్నాయి. అమెరికా 1988లో క్లోర్డేన్ అమ్మకం ఆపింది. 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందం ఈ మూడింటినీ నిషేధ జాబితాలో పెట్టింది. భారత్‌లోనూ ఇవి నిషేధమే. పాత తరం మేస్త్రీలు 'అప్పటి మందు పవరే వేరు' అనడం నిజమే కానీ, ఆ పవర్‌కు చెల్లించిన మూల్యం చిన్నది కాదు.

వాటి తర్వాత వచ్చింది క్లోర్‌పైరిఫాస్. ఘాటైన వాసన, తగిలిన చెద త్వరగా చస్తుంది, ధర తక్కువ. దీని బలహీనత సున్నం. క్షారం ఎక్కువగా ఉన్న చోట, అంటే కొత్త సిమెంటు, సున్నం కలిసిన మట్టిలో ఇది త్వరగా విరిగిపోతుంది. అమెరికాలో ఇళ్లలో దీని వాడకాన్ని 2000 నుంచి దశలవారీగా ఆపేశారు, పిల్లల మెదడు ఎదుగుదల మీద దీని ప్రభావం గురించిన ఆందోళన అందుకు ముఖ్య కారణం. 2025 మేలో జెనీవాలో ముగిసిన స్టాక్‌హోమ్ ఒప్పంద దేశాల సమావేశం కొన్ని వాడకాలకు మినహాయింపు ఇస్తూ దీన్ని నిర్మూలన జాబితాలో చేర్చింది. పసిపిల్లలు, గర్భిణులు ఉండే ఇంట్లో, గదుల లోపల దీన్ని వాడించకపోవడమే మంచిది.

ఇప్పుడు మార్కెట్లో ఉన్న మిగతావి రెండు బాపతు. బైఫెంత్రిన్ లాంటివి చెదను తరిమేస్తాయి. మందు ఉన్న మట్టి దగ్గరికి రాగానే చెద వెనక్కి తిరుగుతుంది. ఇంటి చుట్టూ మందు పట్టిన మట్టి గీత ఎక్కడా తెగకుండా ఉంటే ఇది గట్టి కాపలా. ఒక్కచోట తెగినా చెద ఆ సందును వెతుక్కుని వస్తుంది. ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్ రెండో బాపతు. వీటి ఉనికి చెదకు తెలియదు. మందు పట్టిన మట్టిలోంచి మామూలుగా నడిచి వెళ్తుంది, వెంటనే చావదు. చెదలు ఒకదాన్నొకటి నాకి శుభ్రం చేసుకుంటాయి, నోటి నుంచి నోటికి తిండి పంచుకుంటాయి. ఆ క్రమంలో మందు మిగతావాటికి అంటుకుంటుంది. కట్టేసిన ఇంట్లో ఎంత జాగ్రత్తగా చేసినా ఎక్కడో ఒక సందు మిగులుతుంది కాబట్టి అక్కడ ఈ రెండో బాపతే మేలు.

అయితే 'రాణితో సహా గూడంతా చస్తుంది' అన్న మాటను పూర్తిగా నమ్మలేం. మందు తిన్న చెద ఎంతో దూరం పోకముందే చచ్చిపోతుంది. గూడు దూరంగా ఉంటే అది బతికే ఉండవచ్చు, ఇంటి వైపు రాకపోకలు మాత్రం ఆగుతాయి. ఇంటివాళ్లకు కావలసింది కూడా అదే.

కడుతున్న ఇల్లు: ఒక్కసారే దొరికే అవకాశం

భారత ప్రమాణాల సంస్థ దీనికి ఐఎస్ 6313 అనే ప్రమాణాన్ని మూడు భాగాలుగా ఇచ్చింది. నిర్మాణంలో తీసుకోవలసిన జాగ్రత్తలు ఒకటి, కట్టేటప్పటి మందు ఒకటి, కట్టేసిన ఇంటికి మందు ఒకటి. ఇందులో రెండో భాగం చెప్పే పద్ధతే అన్నిటికన్నా బలమైనది, ఎందుకంటే ఇంటి కింద మట్టి అంతా చేతికి అందేది అప్పుడే.

పునాది గుంతల అడుగుకు, బేస్‌మెంట్‌లో మొరం నింపి గట్టిపరిచాక దాని పైభాగానికి చదరపు మీటరుకు 5 లీటర్ల మందు నీళ్లు. పునాది గోడల పక్కన నింపే మట్టికి, గోడ నిలువు కొలతలో చదరపు మీటరుకు 7.5 లీటర్లు. క్లోర్‌పైరిఫాస్ 20 శాతం మందైతే లీటరు మందుకు 19 లీటర్ల నీళ్లు, ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందైతే లీటరు నీళ్లకు సుమారు 2.1 మిల్లీలీటర్లు. ఈ లెక్కన వెయ్యి చదరపు అడుగుల ఇంటికి మొరం పైభాగం ఒక్క దశకే 465 లీటర్ల ద్రవం కావాలి. డ్రమ్ములు, మోటారు లేకుండా భుజాన ఒక స్ప్రేయర్‌తో మనిషి వస్తే ఆ పని అయ్యేది కాదు.

చాలా సైట్లలో పని చెడేది మందు దగ్గర కాదు, రోజుల వరుస దగ్గర. మొరం మీద మందు చల్లి, అది ఇంకాక, ఇంకెవరూ కదపకుండా వెంటనే పీసీసీ, అంటే గచ్చు కింద వేసే ఇనుము లేని కాంక్రీటు పొర, పడాలి. జరిగేది వేరు. పొద్దున మందు చల్లుతారు. కాంక్రీటు వాళ్లు రారు. మర్నాడు ప్లంబరు వచ్చి బాత్‌రూమ్ పైపు కోసం కాలువ తవ్వి, అడుగు మట్టిని పైకి తీసి, మళ్లీ అదే మట్టితో పూడుస్తాడు. అక్కడికి పైపు పొడవునా గీత తెగిపోయింది. చెదకు అన్నిటికన్నా ఇష్టమైన తడి చోటే అది. కాబట్టి నేలలోని పైపుల పని పూర్తయ్యాకే చివరి విడత మందు పడాలి. మధ్యలో వాన కొట్టినా, మట్టి కదిలినా ఆ మేరకు మళ్లీ పోయించాలి.

ఇంకో నిర్లక్ష్యం సెంట్రింగ్ చెక్కలది. విరిగిన పలకలు, మేకులు కొట్టిన ముక్కలు, సిమెంటు సంచుల కాగితం, అన్నీ బేస్‌మెంట్ గుంతలో వేసి మొరం పోసేస్తారు. ఇంటి కింద చెదకు విందు పెట్టి పైన మందు చల్లినట్టు. మొరం పోసే ముందు ఒక పూట కూలి పెట్టి ఏరించడం కన్నా చవకైన చికిత్స లేదు.

గచ్చు కింద సన్నని రంధ్రాల పైపుల వల పరిచి, కొన్నేళ్లకోసారి బయటి మూత తీసి మందు నింపే పద్ధతి కూడా ఇప్పుడు నగరాల్లో దొరుకుతోంది. భవిష్యత్తులో టైల్స్‌కు రంధ్రాలు వేసే అవసరం తప్పుతుంది. పైపు చివరిదాకా మందు పారుతోందో లేదో పీసీసీ పడకముందే నీళ్లు పంపి చూసుకోవాలి, తర్వాత చూసే వీలు ఉండదు. ఆస్ట్రేలియాలో స్టీలు జాలీ, నిర్ణీత సైజు రాతి పొడి లాంటి మందులేని అడ్డుగోడలు వాడుకలో ఉన్నాయి. ఇక్కడ అవి తెలిసిన పనివాళ్లు దొరకడం కష్టం.

కట్టేసిన ఇల్లు: రంధ్రాలు, లీటర్లు

గచ్చు పడ్డాక కింది మట్టిని చేరడానికి డ్రిల్లింగ్ తప్ప దారి లేదు. గోడా గచ్చూ కలిసే చోట, 30 సెంటీమీటర్లకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, కింది మట్టి దాకా దించి, ఒక్కోదానిలోకి ఇక తీసుకోననే దాకా, గరిష్ఠంగా లీటరు మందు నీళ్లు పంపాలని ప్రమాణం చెబుతుంది. తర్వాత వైట్ సిమెంటుతో మూసేస్తారు. ఇంటి బయట గోడ చుట్టూ ఉన్న మట్టికి కూడా పట్టించాలి. బయట వదిలేసి లోపల మాత్రమే చేస్తే సగం పనే.

10 అడుగులకు 12 అడుగుల గది తీసుకుంటే చుట్టుకొలత 44 అడుగులు. గుమ్మం వదిలేస్తే సుమారు 40 రంధ్రాలు వస్తాయి. అంటే ఆ గది ఒక్కదానికే 40 లీటర్ల దాకా. ఇమిడాక్లోప్రిడ్ అయితే అందులో అసలు మందు 84 మిల్లీలీటర్లు, క్లోర్‌పైరిఫాస్ అయితే 2 లీటర్లు. పని జరుగుతున్నప్పుడు ఎన్ని బకెట్లు కలిపారో నిలబడి లెక్కపెట్టుకుంటే చాలు. పదిహేను లీటర్ల డబ్బా ఒకటి నింపుకుని మూడు గదులు ముగించారంటే గచ్చు కింద గీత పడనట్టే, బాటిల్ మీద ఎంత పేరున్న కంపెనీ బొమ్మ ఉన్నా సరే.

రేటు చెప్పే తీరులోనే ఒక చిక్కు ఉంది. అందరూ చదరపు అడుగుకు ఇంత అంటారు. మందు ఖర్చయ్యేది గచ్చు వైశాల్యాన్ని బట్టి కాదు, గోడల పొడవును బట్టి. ఒకే వైశాల్యంలో రెండు పెద్ద హాళ్లున్న ఇంటికీ, ఆరు చిన్న గదులున్న ఇంటికీ రంధ్రాల సంఖ్యలో చాలా తేడా ఉంటుంది. గదులు ఎక్కువున్న ఇంట్లో చదరపు అడుగు రేటు మరీ తక్కువ చెప్పారంటే రంధ్రాలు దూరం దూరంగా పడతాయి. కొటేషన్‌లో రంధ్రాల మధ్య దూరం, మొత్తం లీటర్లు, మందు పేరు, శాతం రాయించుకుంటే బేరం దేని మీదో తెలుస్తుంది.

డ్రిల్లింగ్‌కు ముందు గచ్చు కింద నీళ్ల పైపులు, కరెంటు పైపులు ఎటు పోతున్నాయో చూపించాలి. ఖరీదైన మార్బుల్ పగులుతుందన్న భయం ఉంటే స్కర్టింగ్ అంచు వెంట గ్రౌట్ గీతలో వేయమనవచ్చు. 'డ్రిల్లింగ్ లేని' చికిత్స అంటూ గోడ మూలల్లో స్ప్రే చేసి వెళ్లిపోతే ఆ మందు టైల్ మీదే ఆరిపోతుంది. టైల్ కింద నడిచే చెదకు అది అందదు. ఆ పనికి డబ్బు పెట్టకపోవడమే నయం.

చెక్కకు చేసేది

చెద అప్పటికే పట్టిన గుమ్మానికి నేల మందుతో పాటు చెక్కలోకీ మందు ఎక్కించాలి. ఫ్రేముకు 6 మిల్లీమీటర్ల రంధ్రాలు, కిందికి వాలుగా, 15 సెంటీమీటర్లకొకటి వేసి నూనెలో కలిపిన మందు నింపుతారు. నూనె ఆరేదాకా దగ్గర్లో దీపం, అగరుబత్తి వెలిగించకూడదు. పూజ గదిలో చెక్క మందిరం ఉంటే ఈ సంగతి ముందే గుర్తుంచుకోవాలి.

పాలిష్, రంగు ఇంకా వేయని పచ్చి చెక్కకు బోరాన్ లవణాల ద్రావణం మంచిది. మనుషులకు ప్రమాదం తక్కువ, చెక్కలోకి ఇంకి ఉంటుంది. తడి తగిలే చోట మాత్రం కరిగి పోతుంది. టేకుకు చెద పట్టదన్నది సగం నిజం. చేవకు పట్టదు. చేవ చుట్టూ ఉండే తెల్లటి లేత చెక్కకు మామూలు కర్రకు పట్టినట్టే పడుతుంది. ఇప్పుడు దొరికే తక్కువ వయసు టేకులో ఆ లేత భాగమే ఎక్కువ.

కిరసనాయిలు, వాడేసిన ఇంజన్ ఆయిల్, వేప నూనె, ఉప్పు నీళ్లు లాంటి చిట్కాలు పనిచేసినట్టు ఎందుకు కనిపిస్తాయంటే, తగిలిన చోట చెద చస్తుంది లేదా ఆ దారి వదిలేస్తుంది. నెల తిరిగేలోగా ఇంకో గోడ మీద తేలుతుంది. ఈలోగా పాత జాడ చెరిగిపోయి అసలు దారి ఎక్కడుందో చెప్పే ఆధారం పోతుంది. కిరసనాయిలుతో నిప్పు ప్రమాదం కూడా ఉంది.

పొడిచెక్క చెదకు నేలతో పనిలేదు. తేమ ఎక్కువున్న తీర ప్రాంతాల్లో పాత కుర్చీలో, మంచం కోడులో మొత్తం గూడు ఉండిపోతుంది. ఆ వస్తువుకే మందు ఎక్కించాలి, లేదా దాన్ని ఇంట్లోంచి తీసేయాలి. పుచ్చు పురుగుకూ అంతే.

ఎర మందు: ఎక్కడ గెలిచింది, ఇక్కడ ఎందుకు అనుమానం

నేలలో అక్కడక్కడా చిన్న డబ్బాలు పాతి, అందులో చెక్కకు బదులు మందు కలిపిన ఎర పెట్టడం ఈ పద్ధతి. హెక్సాఫ్లుమ్యురాన్ లాంటి మందు చెద కుబుసం విడవకుండా చేస్తుంది. ఎదిగే పురుగు ఎదగలేక చస్తుంది. నెలల మీద గూడే ఖాళీ అవుతుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో నాన్-యావ్ సు పరిశోధనతో వచ్చిన ఈ పద్ధతి 1995లో అమెరికా మార్కెట్లోకి దిగింది. న్యూయార్క్ స్టాట్యూ ఆఫ్ లిబర్టీ దగ్గరి చెదను కూడా ఇలాగే వదిలించారు. లీటర్ల కొద్దీ మందు నేలలో పోయనక్కర్లేదన్నది దీని గొప్ప సుగుణం.

కానీ అక్కడి చెదలు చెక్కను నేరుగా అరిగించుకునే జాతులు. ఇక్కడ ఎక్కువగా ఉండేవి బూజు పెంచే జాతులు. ఇవి ఎరను అంతగా ముట్టవనీ, ముట్టినా గూడు పూర్తిగా పోవడం అరుదనీ ఆగ్నేయాసియాలో ఇలాంటి జాతుల మీద జరిగిన పరిశోధనల్లో తేలింది. తెలుగు రాష్ట్రాల్లో ఎర ఒక్కదాని మీదే ఆధారపడటం తొందరపాటు. బావి ఉన్న పెరడు, చేపల చెరువు పక్క ఇల్లు లాంటి చోట్ల, నేలలో మందు పోయలేని పరిస్థితుల్లో ప్రయత్నించవచ్చు. అదీ నెలనెలా వచ్చి డబ్బాలు తెరిచి చూసే మనిషి ఉంటేనే.

అపార్ట్‌మెంట్‌లో ఐదో అంతస్తు

నేల లేని చోటికి చెద ఎలా వచ్చిందన్నది చాలామంది ప్రశ్న. పైపుల షాఫ్ట్ గోడ వెంటా, కరెంటు పైపుల్లోంచీ ఎక్కుతుంది. ఎక్కిన చోట బాత్‌రూమ్ లీకేజీ ఉంటే ఇక తడి కోసం కిందికి దిగాల్సిన అవసరం కూడా తగ్గుతుంది. బాత్‌రూమ్ గోడకు ఆనించి పెట్టిన వార్డ్‌రోబ్ వెనక పలక దానికి కూడూ గూడూ రెండూ అవుతుంది. సంక్రాంతికి పట్టుచీర తీద్దామని తలుపు తెరిస్తే మడతల మధ్య మట్టి. కింద అరలో పాత దస్తావేజులు, పెళ్లి ఆల్బమ్ అట్టముక్కల్లా అంటుకుపోయి ఉంటాయి.

ఇక్కడ ఒక్క ఫ్లాటు వాళ్లు ఎన్నిసార్లు మందు కొట్టించినా షాఫ్ట్ అలాగే ఉంటే చెద పక్క ఫ్లాటు చుట్టి వస్తుంది. కింద స్టిల్ట్ పార్కింగ్‌లో స్తంభాల మొదళ్లు, షాఫ్ట్ అడుగు, లిఫ్ట్ గుంత చుట్టూ అసోసియేషన్ తరఫున చేయించాలి. ఫ్లాటులో ముందు లీకేజీ ఆపాలి, తర్వాతే మందు. కొత్తగా ఇంటీరియర్ చేయిస్తుంటే పలకల వెనక వైపుకు, కోసిన అంచులకు మందు పూయించడం, గోడకీ పలకకీ మధ్య వేలెడు సందు వదలడం మేలు.

సంపు, లైసెన్సు, వారంటీ

ఇమిడాక్లోప్రిడ్ నీళ్లలో బాగా కరుగుతుంది. బైఫెంత్రిన్ దాదాపు కరగదు, మట్టిని పట్టుకుని ఉంటుంది కానీ చేపలకు మహా విషం. ఫిప్రోనిల్ చేపలకూ తేనెటీగలకూ ప్రమాదం. మంచినీళ్ల సంపు, బావి, బోరు పక్కన ఏ మందైనా పోయకూడదు. సంపు గోడకు పగుళ్లుంటే ముందు వాటిని బాగు చేయించాలి. వాసన లేదంటే విషం లేదని కాదు. మందు ఆరేదాకా పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని ఆ గదిలోకి రానివ్వకూడదు.

1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం ఈ పని చేసే సంస్థకు లైసెన్సు ఉండాలి. అది చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. మందు సీల్ ఉన్న బాటిల్‌లో వచ్చి, ఇంటివాళ్ల ఎదుటే తెరవాలి. లేబుల్ మీద మందు పేరు, శాతం, గడువు ఫోటో తీసి ఉంచుకుంటే తర్వాత పేచీ రాదు.

వారంటీ అనగానే నష్టపరిహారం అనుకుంటారు. మామూలుగా దానర్థం, గడువులోగా చెద మళ్లీ కనిపిస్తే ఉచితంగా మళ్లీ మందు కొడతామని మాత్రమే. తినేసిన వార్డ్‌రోబ్ ఖర్చు అందులో ఉండదు. అమెరికాలో నేల మందుకు అనుమతి కావాలంటే క్షేత్ర పరీక్షల్లో కనీసం 5 ఏళ్లు నిలవాలని చూస్తారు. ఆ కొలతతో చూస్తే ఇంతకన్నా ఎక్కువ ఏళ్లు రాసిచ్చే కాగితంలో ఏటా తనిఖీకి వస్తామని ఉందా లేదా అన్నదే చూడాలి. బాత్‌రూమ్ టైల్స్ మార్చినా, పెరట్లో కొత్త గది వేసినా, గోడ పక్కన మొక్కల కోసం తవ్వినా గీత తెగినట్టే, ఆ మేరకు మళ్లీ పోయించాలి. చికిత్స అయ్యాక వచ్చే తొలకరికి గుమ్మాల అడుగు, సింకు కింద, మెట్ల వెనక టార్చ్‌లైటు వేసి ఓసారి చూడాలి. కొత్త మట్టి దారి ఉంటే ఆ వారమే కనిపిస్తుంది.